సత్రం బంతిలో పట్టు శాలువాలు

సిరిపురం రాజు మల్లభూపతికి ఒకరోజు పొద్దున్నే ఓ సరదా పుట్టింది. తన పేరు మీద నడిచే సత్రంలో బీదవాళ్ళు ఎలా తింటున్నారో కళ్ళారా చూడాలనుకున్నాడు. వెళ్ళి చూశాడు. చూసి నోరు తెరిచాడు.

బంతిలో కూర్చున్నవాళ్ళలో సగం మంది భుజాల మీద పట్టు శాలువాలున్నాయి. అవన్నీ ఆయన తన చేత్తో కప్పినవే!

ఈ శాలువాల సంగతి ముందు చెప్పాలి. సత్రంలో తినేవాళ్ళకు ఏదైనా పని నేర్పించి, వాళ్ళ కాళ్ళ మీద వాళ్ళను నిలబెట్టాలని రాజుగారు ఒక శిక్షణాలయం పెట్టించాడు. దానికి అధికారి జోగిరాజు. నేత, వడ్రంగం, కుండలు చెయ్యడం బాగానే నేర్పించాడు, కాదనను. కానీ ఆయన ప్రాణమంతా శిక్షణ చివర్లో రాజుగారి చేత్తో శాలువాలు కప్పించే పండగ మీదే. మేళతాళాలు, పన్నీరు, ఆ తర్వాత జోగిరాజుగారి ఉపన్యాసం. అది ముగిసేసరికి చల్లిన పన్నీరు కూడా ఆరిపోయేది.

"ఏమిటిది జోగిరాజూ? పని నేర్చినవాళ్ళు మళ్ళీ సత్రంలో ఎందుకున్నారు?" అని సభలో రాజు గర్జించాడు.

జోగిరాజు మీసం దువ్వుకున్నాడు. "ఒళ్ళు బద్ధకం ప్రభూ! పని నేర్పాను, పని చూపించాను. నాలుగు రోజులు చేసి పారిపోయి వచ్చారు. తేరగా తిండి దొరుకుతుంటే ఒళ్ళెవరు వంచుతారు? రేపటి నుంచి సత్రం మూయించండి, వాళ్ళే దారికొస్తారు."

రాజు తల ఊపాడు. ముద్ర వెయ్యడమే తరువాయి.

సింహాసనం పక్కన నిలబడి గవరయ్య తాంబూలం చుడుతున్నాడు. రాజుగారికి ఆకూ వక్కా అందించడం అతని కొలువు. పొద్దున సత్రంలో రాజు మండిపడుతుంటే, అతను మాత్రం శాలువా కప్పుకున్న నూకాలు అనే ఆవిడ పక్కన చతికిలబడి ఒక ముక్క అడిగాడు.

"నేత నేర్చావు కదమ్మా, మళ్ళీ ఇక్కడికెందుకొచ్చావు?"

"ఏం చెయ్యమంటావు బాబూ! మగ్గం మీద కూర్చున్న రోజే నా మెళ్ళో సత్రం బిళ్ళ తెంపుకుపోయారు. బిళ్ళ లేందే ఇక్కడ ముద్ద పెట్టరు. షావుకారేమో బట్ట మగ్గం దిగాకే కూలిస్తానన్నాడు. అందాకా పిల్లలకి నూలు పెట్టమంటావా? పని మానేశానంటే బిళ్ళ తిరిగిచ్చారు. పోనీ ఈ శాలువా అమ్ముదామంటే, రాజుగారిచ్చింది కొంటే తలకాయ పోద్దని ఎవరూ ముట్టుకోరు. నాకు మాత్రం మగ్గం మీద మనసు లేదా బాబూ?"

ఇదంతా రాజుకు చెప్పొచ్చు. కానీ కోపంలో ఉన్న మల్లభూపతికి చెప్పుకోవడం గోడకు చెప్పుకోవడమే. సత్రం మూతపడితే నూకాలు పిల్లలకు ఆ ముద్ద కూడా ఉండదు. గవరయ్య ఆకుకు సున్నం రాసి, మడిచి, మెల్లగా గొంతు సవరించుకున్నాడు.

"జోగిరాజుగారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం ప్రభూ. ఇంత గట్టి మనిషికి ఆ చిన్న కొలువేమిటి? ఉపమంత్రి పదవి ఖాళీగానే ఉంది కదా, ఇప్పించండి."

జోగిరాజు మొహం చాటంతయింది. రాజు సరేనన్నాడు.

"ఒక్క సందేహం, ఉపమంత్రిగారూ!" అన్నాడు గవరయ్య. "పని దొరికిన రోజే బిళ్ళ లాగేసుకోవాలన్న నియమం తమరిదేనా?"

"నాదే! పని దొరికినవాడికి పళ్ళెం ఎందుకయ్యా?"

"అది బీదవాళ్ళకేనా, అందరికీనా?"

"నా నియమానికి చిన్నా పెద్దా తేడా లేదు!" అని జోగిరాజు ఛాతీ విరిచాడు.

అప్పుడే భోజనాల గంట మోగింది. కొలువులో ఉన్నవాళ్ళంతా కోటలోనే తింటారు. గుమ్మం దగ్గర తమ పదవి ఉంగరం చూపిస్తే లోపలికి పంపుతారు. గవరయ్య ఆ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆ ఉంగరం ఇలా ఇప్పించండి. అది పాత పదవిది."

"మరి కొత్తది?"

"కొత్త ఉంగరం, జీతం, పల్లకీ, అన్నీ మీ మొదటి పని పూర్తయ్యాకే. కోట ఉత్తరపు గోడ కట్టించాలి. ఎంతలెండి, వానల్లోగా అయిపోతుంది."

"అందాకా నా భోజనం?"

"పదవి దొరికినవారికి పళ్ళెం ఎందుకండీ?"

జోగిరాజు రాజు వైపు చూశాడు. రాజుకు ఈ తమాషా నచ్చింది. "నీ నియమమేగా!" అని నవ్వుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. కోట నుంచి జోగిరాజు ఇంటికి రోజూ వెళ్ళే భోజనం కావిడిని కూడా గవరయ్య వెనక్కి తిప్పించాడు.

గుమ్మం బయట జోగిరాజు బింకంగా నిలబడ్డాడు. గారెల వాసన వచ్చింది, ఓర్చుకున్నాడు. పులిహోర వాసన వచ్చింది, మీసం కొరుక్కున్నాడు. ఇంతలో ఇంటి నుంచి కబురొచ్చింది: కావిడి రాలేదు, పిల్లలు ఏడుస్తున్నారు. దాంతో లోపలికి ఉరికి రాజుగారి విస్తరి ముందు సాగిలపడ్డాడు.

"ప్రభూ! ఈ పదవి నాకొద్దు! నా పాత కొలువు, నా ఉంగరం నాకిప్పించండి. పిల్లలు ఆకలితో ఉన్నారు!"

గవరయ్య చేతులు జోడించాడు.

"ప్రభూ, తమరు వెతుకుతున్న సోమరి దొరికాడు! పని ఇస్తే పూట కూడా ఆగకుండా పళ్ళెం కోసం పరిగెత్తుకొచ్చాడు!"

ఆ పైన నూకాలు గోడు విన్నవించాడు. రాజు కాసేపు జోగిరాజును చూశాడు, విస్తరిని చూశాడు. తర్వాత పొలమారేదాకా నవ్వాడు. భోజనశాలంతా గొల్లుమంది.

"మొదటి కూలి చేతికందేదాకా ఎవరి బిళ్ళా ముట్టుకోవద్దు!" అన్నాడు రాజు. "నూకాలు బట్ట మగ్గం దిగేదాకా సత్రంలో వడ్డన జోగిరాజుది."

ఆనందం పట్టలేక తన భుజం మీది శాలువా తీసి గవరయ్యకు కప్పబోయాడు. గవరయ్య చటుక్కున వెనక్కి గెంతాడు.

"శాలువా మాత్రం వద్దు ప్రభూ! ఈ రాజ్యంలో అది కప్పుకున్నవాళ్ళు సత్రం దారి పడుతున్నారు!"

రాజుకు మళ్ళీ పొలమారింది. నవ్వుతూనే మెడలోని ముత్యాల హారం తీసి గవరయ్య మెడలో వేశాడు.