చంపాసక్‌లో చిటికెడు ఉప్పు

అవధానిగారిని ప్రశ్న అడిగినవాడికి వెంటనే జవాబు దొరకదు, చేతికి ఏదో ఒక పని దొరుకుతుంది. కాకినాడలో ఆయన దగ్గర తర్కం చదువుకున్నవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. సోమయాజులికీ తెలుసు. అయినా ఆ సాయంత్రం, లావోస్ దేశంలో చంపాసక్ అనే చిన్న ఊళ్ళో, మెకాంగ్ నది ఒడ్డున తాము దిగిన ఇంట్లో కూర్చుని, ఉండబట్టలేక అడిగేశాడు.

"గురువుగారూ, ఆప్తవాక్యం ప్రమాణం అన్నారు. నమ్మదగినవాడి మాట నమ్మమన్నారు. బాగానే ఉంది. ఆ నమ్మదగినవాడెవడో పోల్చుకోవడం ఎలాగండీ?"

అడగడానికి కారణం ఎదురుగా మంచం మీదే ఉంది. భార్య భ్రమరాంబ కళ్ళు మూసుకుని పడుకుంది. తెల్లవారితే కొండ ఎక్కాలి. ఆ కొండ శిఖరం శివలింగంలా ఉంటుందని, వాట్ ఫూ అనే పాత గుడి వెనక రాతిలోంచి ఊటనీరు కారుతుందని అవధానిగారు ఎప్పుడో పాఠం మధ్యలో చెప్పారు. విన్నది మొదలు ఆవిడ ఆ ఊట కోసం కలవరించిపోయింది. ఇన్నాళ్ళకు సముద్రం దాటి వచ్చింది. తీరా వచ్చాక లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి. జబ్బేమీ కాదు, ఆకలి.

ఆ ఆకలికి కారకుడు సోమయాజులే. ఫోనులో ఒక యాత్రికుల బృందానికి ఆయన పెద్ద. ఆ బృందంలో ఏ దేశం సంగతి అడిగినా సలహాలు కుప్పతెప్పలుగా వచ్చి పడతాయి. వెళ్ళొచ్చినవాళ్ళు మొహమాటపడి ఊరుకుంటారు, వెళ్ళనివాళ్ళు దంచేస్తారు. బ్యాంకాకో సింగపూరో అయితే ఎవరో ఒకరు అడ్డు తగులుతారు గాని, లావోస్ అనేసరికి కాదనే నాథుడు లేకపోయాడు. అక్కడ ఏ గిన్నె మూత తీసినా పామో కప్పో ఉంటుందిట. అక్కడి అన్నం జిగురుకు పేగులు అంటుకుపోతాయిట. ఇంటివాళ్ళు నవ్వుతూ ఏదైనా పెడితే అసలు ముట్టకూడదుట. సోమయాజులు ఒక్కటీ పొల్లుపోకుండా పాటించాడు. అటుకులు, జంతికలు, గోంగూర పచ్చడి, వాటితోపాటు ఒక కరెంటు కుక్కరు మోసుకొచ్చాడు. కుక్కరు మొదటిరోజే ఢామ్మని ఇంటి దీపాలన్నీ ఆర్పేసింది. అప్పటినుంచి అటుకులూ గోంగూరే గతి అయ్యాయి. అవధానిగారు మాత్రం అరటిపళ్ళు తిని హాయిగా ఉన్నారు.

దానికి తోడు ఇంటావిడ వాలకం ఒకటి. ఆవిడను ఊరంతా మే బున్మీ అంటారు. మే అంటే వాళ్ళ భాషలో అమ్మ. వీళ్ళు జంతికల డబ్బా మూత తీయడమే ఆలస్యం, ఆవిడ వంటింట్లోకి పరిగెత్తి తలుపులు బిగించేసుకునేది. పోతూ పోతూ ముంగిట్లో కోళ్ళను కూడా తోలేసేది. "చూశావా, మన కళ్ళబడకూడనిదేదో వండుతోంది" అని సోమయాజులు భార్య చెవిలో ఊదేవాడు.

అవధానిగారు ప్రశ్న విన్నారు. నిమ్మకాయ కోశారు.

"ఆ సంగతి తరవాత చూద్దాం. అమ్మాయికి నిమ్మరసం ఇవ్వాలి. వంటింట్లోకి వెళ్ళి చిటికెడు ఉప్పు అడిగి పట్రా. నువ్వే వెళ్ళు."

సోమయాజులు వంటింటి తలుపుకేసి ఒకసారి బెదురుగా చూశాడు. అయినా గురువుగారి మాట. వసారాలో కూర్చున్న ఖామ్లాను తోడు తీసుకున్నాడు. ఖామ్లా వీళ్ళను తిప్పుతున్న కారు డ్రైవరు. హైదరాబాదులో చదువుకుని, తెలుగు అక్కడి హాస్టల్లో నేర్చుకున్నాడు.

తలుపు తోయగానే సోమయాజులికి ముందు వాసన తగిలింది. నిప్పుల మీద కాలిన టమాటాలు, పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి. మే బున్మీ అవి రోట్లో వేసి నూరుతోంది. పాము లేదు, కప్ప లేదు. సోమయాజులికి నోట్లో నీళ్ళూరాయి. ఆవిడ మాత్రం ఈయన్ని చూసి కెవ్వుమంది. రోకలి వీపు వెనక దాచుకుని, గోడవైపు తిరిగి ఏదో గబగబా చెప్పసాగింది.

"ఏవంటోందయ్యా?"

"శాపం పెట్టొద్దంటున్నది అన్నా," అన్నాడు ఖామ్లా. "పాక్సే టౌన్ల ఈమె చెల్లె ఉన్నది. ఇండియావాళ్ళు తినేటప్పుడు వేరేటోళ్ళు చూసినా, వేరే పొయ్యి పొగ తగిలినా అన్నం ఇడిసిపెడ్తరు, ఇంటికి శాపం పెడ్తరు అని ఆమె చెప్పిందంట. అందుకే మీరు డబ్బా తీయంగనే ఈమె పొయ్యి బందు పెడ్తున్నది. పాపం, ఇంట్ల అందరు సల్లటి బువ్వే తింటున్నరు."

"ఆ చెల్లెలు ఎప్పుడైనా మనవాళ్ళను చూసిందిట?"

ఖామ్లా అడిగి చెప్పాడు. "చూడలేదంట అన్నా. ఫోన్ల వచ్చిందంట."

సోమయాజులికి నవ్వొచ్చింది గాని, నవ్వడానికి మొహం చెల్లలేదు. ఆ ఉక్రోషం ఖామ్లా మీదికి మళ్ళింది. "మేం సరిగ్గా తినడంలేదని నీకు తెలుసు కదా, నువ్వయినా ఆవిడకు చెప్పలేదేం?"

"శివుని గుట్ట ఎక్కుతరు కద, ఒక్కపొద్దున్నరనుకున్న!"

మూలన పులవబెట్టిన చేపల జాడీ ఒకటి ఉంది. బృందం చెప్పినదాంట్లో ఆ మాత్రం నిజం లేకపోలేదు. అందుకని శాపాలేమీ లేవని, ఆకలిగా ఉందని, చేప మాత్రం ముట్టమని ఖామ్లా చేత చెప్పించాడు. మే బున్మీ రోలు కడిగి, చేప తగలకుండా పచ్చడి మళ్ళీ మొదలుపెట్టింది. కాకినాడలో మంచినీళ్ళు కూడా ముంచుకోని సోమయాజులు పక్కన కూర్చుని విసనకర్రతో నిప్పులు విసిరాడు.

భ్రమరాంబ వెదురుబుట్టలోంచి వేడి అన్నం ముద్దలు ముద్దలుగా తీసి పచ్చట్లో అద్దుకుని తింది. కారానికి కళ్ళు నీళ్ళు కారుతున్నా ఆపలేదు. "ఏవండీ, అచ్చం మా అమ్మ నూరినట్టే ఉంది," అంది. సోమయాజులు తలెత్తలేకపోయాడు. అంత దూరం తీసుకొచ్చి ఆవిణ్ణి పస్తులు పెట్టింది తానేనని సిగ్గుతో చచ్చిపోయాడు. మే బున్మీ గోంగూర పచ్చడి రుచి చూసి, సీసా తన దగ్గరే ఉంచేసుకుంది. ఉప్పు సంగతి ఎవరికీ గుర్తులేదు. చప్పటి నిమ్మరసం అవధానిగారే తాగేశారు.

మర్నాడు భ్రమరాంబ అందరికన్నా ముందు మెట్లెక్కింది. వెనక రొప్పుతూ వస్తున్న మొగుడు ఆ నీళ్ళు తాగొద్దనేలోపే దోసిలిపట్టి ఊటనీరు తాగేసి, రాతికి నుదురు ఆనించి ఏడ్చింది. సోమయాజులూ కళ్ళు తుడుచుకున్నాడు. కాస్త తేరుకున్నాక ఫోను తీసి, చాలాసేపు ఏదో టైపు చేసి, గురువుగారికి చదివి వినిపించాడు.

"లావోస్ గురించి మనం విన్నవన్నీ పచ్చి అబద్ధాలు. ఈ దేశంలో మనుషులందరూ దేవతలు. శాకాహారులకు ఎక్కడా లోటు లేదు. నిశ్చింతగా రావచ్చు. ఇది స్వయంగా చూసి చెబుతున్న మాట." చదవడం అయ్యాక కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఇప్పుడు నేనూ ఆప్తుణ్ణే కదండీ?"

"ఎన్ని ఇళ్ళలో తిన్నావు?" అన్నారు అవధానిగారు.

"ఒక్క ఇంట్లోనండీ."

"అయితే దేశం పేరు కొట్టేసి, ఆ ఇంటావిడ పేరు రాయి."