పోలమ్మ వాలిన రాయి

ఇదిగో, కుదురుగా కూర్చోండి. మధ్యలో లేచారంటే కథ ఆపేస్తాను, తరవాత ఎంత బతిమాలినా చెప్పను.

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక వాగు. వాగు ఒడ్డున గూళ్ళతో నిండిపోయిన పెద్ద తుమ్మచెట్టు. ఆ చెట్టుకి పెద్ద కొంగదొర. ఒళ్ళంతా తెలుపు, నడకంతా దర్జా. ఆ చెట్టు మీదే పోలమ్మ అనే ఏట్రింత ఉండేది. ఏట్రింత అంటే తెలుసుగా? గేదెల వీపు మీద కూర్చుంటుంది, తోక రెండుగా చీలి ఉంటుంది, ఆ నల్లపిట్ట. పిడికెడంత ఉండి గద్దనైనా తరిమేస్తుంది.

ఏటా వానలకు ముందు పిట్టలన్నీ తమ పెద్దని ఎన్నుకునేవి. వాగు మధ్యలో రెండు రాళ్ళున్నాయి. పోటీ చేసేవాళ్ళు చెరో రాయి మీద నిలబడతారు. ఎవరు నచ్చితే వాళ్ళ రాయి మీద వెళ్ళి వాలాలి. సంచిలాంటి ముక్కున్న గూడబాతు తాత లెక్కపెడతాడు. ఇంతా చేసి, నల్లపిట్టలు మాత్రం ఒడ్డు దాటకూడదు. కాకి, కోయిల, నీటికాకి, ఏట్రింత, ఎవరైనా సరే చూస్తూ ఊరుకోవాలి. వింటుంటే ఒళ్ళు మండటం లేదూ? నాకైతే మండుతుంది.

నల్లపిట్టలు అంచు కొమ్మల మీదే గూళ్ళు కట్టుకోవాలని కొంగదొర ఒకనాడు చాటించాడు. అంచు కొమ్మలు గాలికి ఊగిపోతాయి. నిరుడు పోలమ్మ గుడ్లు మూడూ కిందపడి పగిలిపోయాయి. ఎన్నుకునే హక్కే ఉంటే ఈ కట్టుబాటు పెట్టనిచ్చేవాళ్ళమా అని పోలమ్మ కుమిలిపోయింది. ఆ హక్కు సాధించాలని పట్టుబట్టింది.

మొదటిసారి వెళ్ళి అడిగితే, మీరు మరీ చిన్నవాళ్ళు అన్నాడు దొర. మరి పిచ్చుక మాకంటే చిన్నది కదా అంది పోలమ్మ. రెండోసారి అడిగితే, మీవి బండగొంతులు అన్నాడు. కోయిలది కూడానా అని అడిగింది పోలమ్మ. మూడోసారికి దొరకి సాకులు అయిపోయాయి.

"నల్లరెక్క వాలితే రాయి మైలపడుతుంది," అన్నాడు.

 పోలమ్మ తిన్నగా వెళ్ళి వాగు మధ్యలో ఒక రాయి మీద వాలింది. కొంగలు మూగి పొడిచాయి. ఈకలు రాలాయి, రక్తం కారింది. పోలమ్మ తిరిగి పొడవలేదు, రాయి వదల్లేదు. మర్నాడు కోయిల వచ్చి పక్కన కూర్చుంది. మూడోనాడు కాకులూ నీటికాకులూ వచ్చాయి. ఎంత పొడిచినా ఒక్కటీ కదల్లేదు. వాళ్ళని తలుచుకుంటే శభాష్ అనాలనిపిస్తుంది నాకు.

ఇంతలో పైనుంచి గద్ద దిగింది. నేరుగా కొంగదొర గూటికేసే వస్తోంది. గూట్లో ఇంకా రెక్కలు రాని పిల్లలున్నాయి. కొంగలు భయపడి చెల్లాచెదురయ్యాయి. పోనీలే, వాళ్ళకీ తెలిసొస్తుంది అంది కాకి.

"మనల్ని పొడిచింది ఆ పిల్లలు కాదు," అంది పోలమ్మ.

అంటూనే ఎగిరింది. గాయపడ్డ రెక్కలతోనే గద్ద నెత్తిమీద పొడిచి పొడిచి కొండ అవతలికి తరిమేసింది. తిరిగొచ్చి గూటికి వెళ్ళలేదు. మళ్ళీ ఆ రాయి మీదే కూర్చుంది.

కొంగదొర తల వంచుకుని వచ్చాడు. నడికొమ్మ మీద, గాలి తగలనిచోట, పోలమ్మ గూడు కట్టుకోవచ్చన్నాడు. గుడ్లు పోగొట్టుకున్న తల్లికి ఎంత ఆశ పుడుతుందో ఆలోచించండి. పుట్టింది కూడా. పోలమ్మ కాసేపు నడికొమ్మకేసి చూస్తూ ఉండిపోయింది.

"వద్దు దొరా," అంది చివరికి. "మీరు దయతలచి ఇచ్చిన కొమ్మ, రేపు కోపమొస్తే మీరే లాక్కుంటారు. నా ఒక్కదానికే కొమ్మ వద్దు. మా అందరినీ లెక్కలో కలపండి."

 అప్పుడు దొర భార్య గూట్లోంచి వచ్చి పోలమ్మ పక్కనే రాయి మీద వాలింది. ఆమె వెనకాల పిచ్చుకలు, ఆ వెనకాల మిగతా కొంగలు వచ్చి వాలాయి. రాయికి ఏ మైలా అంటలేదు. ఇక దొర కూడా ఒప్పుకోక తప్పలేదు.

ఆ ఏడు ఎన్నికలో పిట్టలన్నీ ఒడ్డు దాటాయి. గూడబాతు తాత లెక్క తేల్చేసరికి మిట్టమధ్యాహ్నం అయింది. ఎప్పుడూ అందులో సగం పొద్దుకే తేలిపోయేది.

"ఇన్నేళ్ళూ సగం చెట్టునే లెక్కపెట్టి, అందరూ ఒప్పుకున్నారని చాటాను. తప్పు నాది," అన్నాడు అందరి ముందూ.

ఆ ఏడు గెలిచింది ఒక గువ్వ. అందరినీ కూర్చోబెట్టి అడిగి, అంచు కొమ్మల కట్టుబాటు తీసేసింది. పోలమ్మ తనకి నచ్చిన కొమ్మ మీద గూడు కట్టుకుంది. ఈసారి ఎవరి దయా అక్కర్లేకపోయింది.

నీతి: దయతో ఒకరికి దొరికింది ఎప్పుడైనా పోతుంది, హక్కుగా అందరికీ వచ్చిందే నిలుస్తుంది.