తమాలిని కంటికింది మచ్చ

అనగా అనగా, అడిగినప్పుడల్లా దేవుడు వాన కురిపించే రోజుల్లో, వజ్రకూటమనే నగరంలో ఒక రాజు ఉండేవాడు. ఆయన పేరు ధర్మకేతు. ఆయనకు ముగ్గురు కొడుకులు, ఒక కూతురు. పెద్దవాడికి పెళ్ళయింది, రెండోవాడికి పెళ్ళయింది, మూడోవాడైన నీలకేతుకు కాలేదు.

ఆ వంశంలో ఒక ఆచారం ఉంది. కోడల్ని తెచ్చుకునే ముందు జాతకం చూస్తారు, ఆ తరవాత మచ్చలు చూస్తారు. పెళ్ళికొడుకు వెళ్ళి పిల్లను చూడడు. ఆస్థాన సాముద్రికుడు వెళ్ళి, పిల్లకు పుట్టుమచ్చ ఎక్కడుందో కనుక్కుని వచ్చి సభలో చెబుతాడు. పెద్దకోడలికి అరచేతిలో మచ్చ, అది ధాన్యం అన్నాడు. రెండో కోడలికి పాదం మీద మచ్చ, అది వాహనం అన్నాడు. ఇద్దరూ పల్లకీ ఎక్కి వచ్చేశారు.

నీలకేతుకు పద్మగిరి రాజు కూతురు తమాలినిని అనుకున్నారు. సాముద్రికుడు వెళ్ళాడు, వచ్చాడు, సభలో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"పిల్ల బంగారుబొమ్మే, ప్రభూ. ఎడమకంటి కింద మచ్చ ఉంది. అది కన్నీటి మచ్చ. ఏ గడప తొక్కితే ఆ గడపలో ఏడుపు."

రాజు కొడుకు వైపు చూశాడు. నీలకేతు తల వంచుకున్నాడు. ఔననలేదు, కాదనలేదు. మచ్చ తీయించుకుని వస్తే ముహూర్తం పెట్టుకుందామని పద్మగిరికి కబురు వెళ్ళింది.

తమాలిని ఒంటి మొత్తానికి ఉన్నది ఆ ఒక్క మచ్చే. ఆవగింజంత ఉంటుంది. ఒంటితోపాటు ఓ పిసరు పెరిగిందేమో గానీ, రంగు మారలేదు, అంచు చెదరలేదు, ఒక్కనాడు దురద పెట్టలేదు. వాళ్ళమ్మ చిన్నప్పుడు దాన్నే దిష్టిచుక్క అనుకుని ముద్దుపెట్టుకునేది. ఇప్పుడు ఆ తల్లే కొంగు నోట్లో కుక్కుకుని వైద్యుల్ని పిలిపించింది.

మొదటివాడు వచ్చి సున్నమూ సౌడుమన్నూ కలిపి పెట్టాడు. చెంప కాలింది, మచ్చ పోలేదు. రెండోవాడు వచ్చి గుర్రపు తోక వెంట్రుకతో బిగించబోయాడు. కాడ ఉన్న పులిపిరికైతే వెంట్రుక పడుతుంది గానీ, చర్మంలో ఒదిగిపోయిన మచ్చకు ఏం పడుతుంది? జారిపోయింది. మూడోవాడు వచ్చి జీడిగింజ నూనె రాశాడు. చెంప పొంగి, బొబ్బలెక్కి, కన్ను మూసుకుపోయింది. మచ్చ మాత్రం అలాగే ఉంది.

అప్పుడు వచ్చాడు తామ్రజిహ్వుడు. తెల్లటి పంచె, మెడలో రుద్రాక్షలు, తేనెలాంటి మాట. ఒంటి నిండా నువ్వులు చల్లినట్టు మచ్చలు. నొప్పి ఉండదు, నెత్తురు రాదు, గాయం మిగలదు అన్నాడు. ఆ మచ్చ మీద వేలు పెట్టి, ఇది నాది కాదు అని మూడుసార్లు అంటే చాలునట.

తమాలిని తల్లి వైపు చూసింది. తల్లి నేల వైపు చూసింది.

"ఇది నాది కాదు," అంది తమాలిని. "ఇది నాది కాదు," అంది. మూడోసారి ఆ మాట పెదవి దాటేసరికి మచ్చ రాలి మాంత్రికుడి అరచేతిలో పడింది. పిల్ల నిలబడ్డ చోట ఒక పచ్చని చిలక రెక్కలు కొట్టుకుంటోంది. ఒంటి మీది కడపటి మచ్చ ఇచ్చేసిన మనిషికి ఇక తన రూపమంటూ ఉండదు, నాయనా, అదీ వాడి విద్య. చిలకను సంచిలో వేసుకుని తామ్రజిహ్వుడు మబ్బుల్లోకి లేచిపోయాడు.

ఈ సంగతి వజ్రకూటానికి తెలిసింది. పెద్దన్న నవ్వాడు. "బతికిపోయావురా తమ్ముడూ. ఆ ఏడుపేదో వాళ్ళింట్లోనే పడింది."

నీలకేతుకు ఆ పూట ముద్ద దిగలేదు. నేను ఒక్క మాట అని ఉంటే ఆ పిల్ల పిల్లగానే ఉండేది కదా అనుకున్నాడు. అమ్మవారి గుడిలో దణ్ణం పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా బయలుదేరాడు.

అడవిలో ఒక చిరుతపులి కూర్చుని ఏడుస్తోంది. దాని పక్కన ఒంటి మీద ఒక్క చుక్కా లేని కూన. "ఆ మాంత్రికుడు వీడి చుక్కలు ఒలుచుకుపోయాడు, బాబూ. సొంత బిడ్డను వాసన చూసి గానీ గుర్తుపట్టలేకపోతున్నాను," అంది. వాడి దీవి ఏడు సముద్రాల అవతల ఉందనీ, అమావాస్య పొద్దు గుంకేలోగా విడిపించకపోతే చిలకలైనవాళ్ళు మనిషితనం మరిచిపోతారనీ చెప్పి, అతన్ని వీపు మీద ఎక్కించుకుని ఒడ్డుకు చేర్చింది.

సముద్రంలో కొండంత చేప. దాని వీపు నిండా తెల్లని చుక్కలు. దాని బిడ్డకూ అదే గతి. అది వీపు ఒగ్గింది. ఉప్పు సముద్రం దాటారు, పాల సముద్రం దాటారు, ఏడు సముద్రాలూ దాటారు. దీవి చేరేసరికి అమావాస్య రానే వచ్చింది, పొద్దు పడమటికి వాలింది.

తలుపు దగ్గర రెక్క చుక్కలు పోయిన సీతాకోకచిలుక ఒకటి అతని చెవి మీద వాలింది. "అన్నా, వాడి ప్రాణం కూడా ఆ చిలకల్లోనే ఒకదానిలో ఉంది. ఏదో నాకు తెలియదు. జాగ్రత్త," అంది.

లోపల పెద్ద హాలు. పైకప్పు దాకా పంజరాలు. వందలూ వేలూ చిలకలు, అన్నీ ఒకే పచ్చ, ఒకే ముక్కు, ఒకే కన్ను. తామ్రజిహ్వుడు దొంగిలించిన మచ్చల భరిణె పక్కన పెట్టుకుని, ఉయ్యాలబల్ల మీద కూర్చుని తమలపాకు నములుతున్నాడు.

"రా నాయనా. పెళ్ళాం కోసం వచ్చావా, మచ్చ కోసం వచ్చావా?" అన్నాడు. పంజరాలన్నీ తెరిచేశాడు. పొద్దుగుంకేలోగా తమాలినిని చూపిస్తే తీసుకుపొమ్మన్నాడు. తప్పు చూపిస్తే ఒక మచ్చ వదులుకోవాలన్నాడు. నీలకేతు ఒంటి మీద ఉన్నవి మూడు: భుజం మీద ఒకటి, పాదం మీద ఒకటి, గుండె మీద ఒకటి.

నీలకేతు పేరు పెట్టి పిలిచాడు. వేల చిలకలు ఒక్కసారే "నేనే, నేనే" అన్నాయి. వాటిలో గట్టిగా అన్నదాన్ని చూపించాడు. తప్పు. భుజం మీద వేలు పెట్టి మూడుసార్లు అనాల్సివచ్చింది. మచ్చ రాలింది. రాలగానే వాళ్ళమ్మ ముఖం అతని మనసులోంచి చెరిగిపోయింది.

రెండోసారి బాగా దగ్గరికి వెళ్ళి, ఒక్కొక్క చిలక ఎడమకంటి కిందా వెతికాడు. ఎక్కడా నలుసంత నలుపు లేదు. కాస్త ఈకలు రేగినదాన్ని చూపించాడు. తప్పు. పాదం మీది మచ్చ రాలింది. తన ఊరి పేరేమిటో ఎంత తడుముకున్నా తట్టలేదు.

కిటికీలోంచి ఎండ ఎర్రబడింది. గోడ మీద నీడ మెల్లగా పైకి పాకుతోంది. గుండె మీది మచ్చ ఒక్కటే మిగిలింది. అది పోతే తనూ ఇందులో ఒక పచ్చచిలక.

"చూసిన ముఖమైతే గుర్తుకొస్తుందిలే, కంగారుపడకు," అన్నాడు తామ్రజిహ్వుడు, ఆకు ఊస్తూ.

నీలకేతు ఆ మాటకు ఆగిపోయాడు. చూసిన ముఖం. అతను ఎప్పుడు చూశాడని? ఆ మచ్చను చూసింది సాముద్రికుడు, ఆ మచ్చను తూచింది సభ. తను తల వంచుకుని నేలను చూశాడు. చూడని మనిషిని వెయ్యేళ్ళు వెతికినా ఎలా పోల్చుకుంటాడు?

అతను వెతకడం మానేశాడు. హాలు మధ్యన నిలబడి చేతులు జోడించాడు.

"తమాలినీ, నిన్ను నేనెప్పుడూ చూడలేదు. నీ మచ్చ మంచిదో చెడ్డదో సభలో తేలుస్తుంటే నోరు మూసుకుని కూర్చున్న పిరికివాణ్ణి నేనే. రమ్మని అడిగే ముఖం నాకు లేదు. చెప్పాల్సిన మాట చెప్పాను, అంతే."

చిలకలన్నీ బిలబిలమని అతని మీద వాలాయి. తలమీద, భుజాల మీద, చేతుల మీద. బయటపడాలన్న ఆశ, పాపం, ఎవరికి ఉండదు? అందరూ వచ్చారు. ఒక్క చిలక మాత్రం రాలేదు. మూల పంజరంలో అది ముఖం గోడవైపు తిప్పేసుకుని, అతనికి వీపు చూపించింది.

నీలకేతు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అలిగే హక్కు ఇందరిలో ఒక్కరికే ఉంది.

"అదిగో, ఆమె," అన్నాడు.

ఉయ్యాల ఆగిపోయింది. తామ్రజిహ్వుడి చూపు ఆ చిలక మీద నిలవలేదు. చప్పున పైకి, దూలం మీదికి పోయింది. నీలకేతు ఆ చూపు వెంటే చూశాడు. అక్కడ ఇంకో చిలక ఉంది. అది అతని మీద వాలనూ లేదు, అలగనూ లేదు. దాని రొమ్ము మీద ఒక మచ్చ ఉంది. పుట్టుమచ్చలాంటిది కాదది. అంచులు ఎగుడుదిగుడుగా పాకాయి, ఒక పక్క నలుపు, ఒక పక్క ఎరుపు, మధ్యలోంచి నెత్తురు ఊరుతోంది. మాంత్రికుడు ఒక్కొక్క మచ్చ దొంగిలించినప్పుడల్లా అది ఇంకొంత పెరిగింది. నీలకేతు ఉయ్యాలబల్ల మీదికి గెంతి, అక్కణ్ణుంచి గొలుసు పట్టుకుని ఎగబాకి, ఆ చిలకను పిడికిట్లో పట్టుకున్నాడు.

తామ్రజిహ్వుడు గొంతు పట్టుకుని మోకాళ్ళ మీద కూలాడు. తనను చంపితే భరిణె తెరుచుకోదని బెదిరించాడు. నీలకేతు పిడికిలి ఇంకాస్త బిగించాడు. భరిణె తెరుచుకుంది. ఆవాలు చిట్లినట్టు మచ్చలు చిటపటా ఎగిరి ఎవరివి వాళ్ళను వెతుక్కుంటూ పోయాయి. చిలకలు మనుషులవుతున్నాయి. నీలకేతుకు వాళ్ళమ్మ గుర్తుకొచ్చింది, ఊరు గుర్తుకొచ్చింది. మూల పంజరంలో చిలక మాత్రం చిలకగానే ఉంది.

పొద్దు కొండంచును తాకింది. భరిణె తెరుచుకునేటప్పుడు వాడు నాలిక కింద ఏదో నొక్కిపెట్టడం నీలకేతు చూశాడు.

"నాలిక కింద ఏముంది?" అన్నాడు నీలకేతు.

వాడు కాసేపు పళ్ళు బిగించాడు. తరవాత ఉమ్మేశాడు. ఆవగింజంత మచ్చ పంజరం ముందు దొర్లి ఆగింది. దొంగిలించిన ఆయుష్షంతా పోయేసరికి మాంత్రికుడు ముడతలుపడి, ముడుచుకుపోయి, గుప్పెడు బూడిదై రాలాడు. పిడికిట్లో చిలకా ఊపిరి వదిలింది.

తమాలిని ఆ మచ్చను చూస్తూ కూర్చుంది. దీనివల్లే కదా చెంప కాలింది, దీనివల్లే కదా అమ్మ ముఖం తిప్పుకుంది. నీలకేతు దాన్ని చేత్తో ముట్టుకోలేదు.

"అది నీది. పెట్టుకో అనడానికీ తీసెయ్ అనడానికీ నేనెవణ్ణి," అన్నాడు.

వెలుగు సన్నటి గీతలా మిగిలినప్పుడు చిలక గోడవైపు నుంచి తిరిగింది. ముక్కుతో మచ్చను అందుకుంది. మరుక్షణం ఎడమకంటి కింద నల్లని చుక్కతో, కాలిన చెంపతో ఒక అమ్మాయి అతని ముందు నిలబడింది. అతను మొదటిసారి ఆమెను చూశాడు.

"ఇంత ఆలస్యమా?" అంది తమాలిని.

వజ్రకూటంలో సాముద్రికుడు మళ్ళీ లేచి గొంతు సవరించుకోబోతే, ఈసారి నీలకేతు తల ఎత్తాడు. ఈమె గడప తొక్కాకే నేను లోపలికి వస్తానన్నాడు. రాజు సాముద్రికుణ్ణి కూర్చోమన్నాడు. రాజవైద్యుడు తమాలిని చెంపకు మందు రాసి, మచ్చను వెలుతురులో చూశాడు. గుండ్రంగా, ఒకే రంగులో, కదలకుండా ఉన్న మచ్చ ఎవరికీ చేటు చెయ్యదనీ, అందం కోసం వద్దనుకుంటే సన్నని కత్తితో తీస్తాననీ, చిన్న గీత మిగులుతుందనీ, అది కూడా ఆమెకు మనసైతేనే అనీ చెప్పాడు. తమాలిని వద్దంది. ఆమె ఆడపడుచు ముక్కు మీది మచ్చ తీయించుకుంటానంది. తీయించుకుంది. ఎవరూ ఏమీ అనలేదు.

పెళ్ళి అంగరంగ వైభోగంగా జరిగింది. పిల్లలు పుట్టారు. తమాలినికి నడివయసులో వీపు మీద కొత్తగా ఒక మచ్చ పుట్టి, నెలనెలకూ పాకుతూ రంగులు మారుతుంటే, దాన్ని మొదట చూసింది నీలకేతే. ఆ సాయంత్రమే వైద్యుణ్ణి పిలిపించాడు. ఆలస్యం కాలేదన్నాడు వైద్యుడు, వేరుతో సహా కోసి తీసేశాడు. దేవుడి దయవల్ల ఆమె బతికింది. మనవల పెళ్ళిళ్ళు చూసింది. ఆ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ, చాలా ఏళ్ళు, చాలా చల్లగా కాపురం చేశారు. వాళ్ళను కాచిన అమ్మవారే మిమ్మల్నీ కాయాలి, నాన్నా.