జరీ శాలువా, తడి నేల

తను ఆట మానేస్తున్న సంగతి విమలకు భానుగుడి సెంటర్లో కట్టిన ఫ్లెక్సీ చూశాక తెలిసింది.

ఫ్లెక్సీ మీద ఆమె ఫొటో ఉంది. రెండు జడలు వేసుకునే రోజులనాటిది. పక్కనే జట్టు మేనేజరు గున్నేశ్వరరావు ఫొటో అంతకన్నా పెద్దది. కింద ఎర్రటి అక్షరాల్లో, "బాస్కెట్‌బాల్ తార విమలకు ఘన వీడ్కోలు సన్మానం, ఈ ఆదివారం" అని ఉంది.

ఆమె స్కూటీ పక్కకు ఆపి ఫోన్ చేసింది.

"నేను ఆట మానేస్తున్నానని మీకెవరు చెప్పారండీ?"

"సర్‌ప్రైజ్ ఇద్దామనుకున్నామమ్మా. ఈ ఫ్లెక్సీ వాడు ముందే కట్టేశాడు," అన్నాడు గున్నేశ్వరరావు. "ముప్పై నాలుగొచ్చాయి. మోకాలికి ఆపరేషనైంది. నీ నోటితో నువ్వు చెప్పుకోవడం బాగోదని మేమే పెద్దరికం తీసుకున్నాం."

"డాక్టరు ఆడుకోమన్నాడు. పొద్దునా సాయంత్రం ప్రాక్టీసు చేస్తూనే ఉన్నాను. ఆదివారం మ్యాచ్‌కి పన్నెండుమందిలో నా పేరుంది."

"ఎందుకుండదమ్మా, ఉంటుంది. బెంచీ మీద కూర్చో. హాఫ్‌టైములో శాలువా కప్పుతాం. ఇంత మర్యాదగా పంపిస్తుంటే కాదన్నావనుకో, పొగరంటారు జనం. ఆ పైన నీ ఇష్టం."

విమల ఫోన్ పెట్టేసింది.

శాలువా కప్పించుకుంటే ఆట అయిపోయినట్టే. సన్మానం జరిగిపోయిన మనిషిని ఏ జట్టూ మళ్లీ తీసుకోదు. కప్పించుకోకపోతే పెద్దల ముఖాన శాలువా విసిరికొట్టిందన్న పేరొస్తుంది. అలాంటి పేరున్న మనిషిని అసలే తీసుకోరు. పదో తరగతి అయిన దగ్గర్నుంచీ ఆమె కూడూ గుడ్డా ఆ ఆటే. ఇంకో పని చేతకాదు. నేర్చుకోవాలని ఎప్పుడూ అనుకోలేదు.

మర్నాడు పొద్దున్నే సాల్మన్‌రాజు మాస్టారి దగ్గరికి వెళ్లింది.

బంతి పట్టుకోవడం ఆమెకు నేర్పింది ఆయనే. జగన్నాథపురంలో చర్చి వెనక ఒక సిమెంటు కోర్టు ఉంది. ఆయన రిటైరై చాలా ఏళ్లయింది. ఆ సంగతి తనకెవరూ చెప్పనట్టే, రోజూ తెల్లారేసరికి మెళ్లో ఈల వేసుకుని అక్కడికి వచ్చేస్తారు.

ఆ రోజు తెల్లవారుజామున వాన పడి వెలిసింది. కోర్టు మీద ఎక్కడికక్కడ నీళ్లు నిలిచి ఉన్నాయి. ఆట నేర్చుకునే అమ్మాయిలు ఇంకా రాలేదు.

విమల నిలబడే అంతా చెప్పేసింది. తను తయారుచేసుకున్న ప్రసంగం కూడా చెప్పింది.

"ఎలాగూ మైకు నా చేతికిస్తారు కదండీ. అందరి ముందూ కడిగేస్తాను. స్టేజీ మీదున్న పెద్దమనుషుల్లో ఒక్కరైనా కోర్టు ఈ చివర్నుంచి ఆ చివరికి రొప్పకుండా నడవగలరా అని అడుగుతాను. గున్నేశ్వరరావు గారి బొజ్జ సంగతి కూడా వదలను."

"బాగుంది," అన్నారు మాస్టారు, సామాను గది తాళం తీస్తూ. "ఎంతసేపు మాట్లాడతావు?"

"పది నిమిషాలండి."

"హాఫ్‌టైమంతా దానికే సరిపోతుంది. కాళ్లు చల్లబడిపోవూ?"

విమల ఆ సంగతి ఆలోచించలేదు.

మాస్టారు గదిలోంచి ఇనప్పెట్టె ఒకటి బయటికి లాగారు. మడతపెట్టిన శాలువా తీశారు. ముదురెరుపు రంగు, అంచు నిండా జరీ. దాన్ని దులిపి రింగు కింద నిలిచిన నీళ్లలో పడేశారు. కాలితో నొక్కుతూ తుడవడం మొదలుపెట్టారు.

విమలకు ఆ శాలువా తెలుసు. మాస్టారు రిటైరైన రోజున కప్పింది. ఆవేళ తను ముందు వరసలో కూర్చుని అరచేతులు మండేదాకా చప్పట్లు కొట్టింది.

"మాస్టారూ, అది కలెక్టరు గారు కప్పిందండీ."

"అవును. సుఖం లేదు. అంతా జరీయే, నీళ్లు పీల్చదు." ఆయన శాలువాను కాలవలోకి పిండి మళ్లీ నేల మీద పరిచారు. "ఆటోవాళ్ల సంఘం కప్పింది నూలుది. అది చాలా నయం. పెట్టెలో అడుగున ఉంటుంది, తీసుకో. ఆ మూల తుడు."

"నేను సలహా అడగడానికొచ్చానండి."

"నీళ్లలో నిలబడి అడుగుతున్నావు. జారి పడతావు."

విమల పెట్టెలోకి చెయ్యి పెట్టి నూలు శాలువా తీసింది. నేల మీదికి వంగుతూ ఆగింది.

"కప్పినవాళ్లు చూస్తే బాధపడరాండీ?"

"భుజం మీద వేసేదాకా వాళ్లది," అన్నారు మాస్టారు. "వేశాక నాది."

ఆమె వంగి తుడిచింది. మోకాలు ఒకసారి మూలిగింది. ఇక్కడ వినేవాళ్లు లేరని తెలిసి ఊరుకుంది. ఒక మూల అయ్యాక ఇంకో మూల తుడిచింది. చిన్నప్పుడు వానాకాలమంతా ఈ కోర్టు తుడిచినవాళ్లలో తనూ ఒకతె. అప్పుడు గోనెసంచులుండేవి.

అవతలి రింగు దగ్గర్నుంచి, అప్పటిలాగే కేక వినిపించింది.

"నేల ఆరిందా?"

"ఆరిందండి."

బంతి వచ్చి అరచేతుల్లో ఠప్పున తగిలింది. అమ్మాయిలు వచ్చేదాకా మాస్టారు ఆమె చేత షాట్లు వేయిస్తూనే ఉన్నారు. ఆమె మళ్లీ ప్రసంగం ఊసెత్తలేదు. ఆయనా అడగలేదు.

ఆదివారం స్టేడియం నిండింది. మొదటి సగమంతా విమల బెంచీ మీదే ఉంది. జట్టు వెనకబడింది. ఆమెను దించొద్దని కోచ్ నీరజకు మేనేజరు ముందే చెప్పాడు. నీరజ తలూపింది. ఆ తరవాత విమల కళ్లలోకి చూడలేదు.

హాఫ్‌టైము ఈల మోగగానే టెంట్‌హౌస్ వాళ్లు ఎర్ర మఖమలు కుర్చీ మోసుకొచ్చి సరిగ్గా కోర్టు నడిమధ్య గుండ్రం గీతలో పెట్టారు. పెళ్లిళ్లలో వధూవరులు కూర్చునే కుర్చీ అది. నలుగురు మనుషులు గజమాల పట్టుకొచ్చారు. పూలు వాడిపోకుండా బాగా తడిపారేమో, దారిపొడుగునా నీళ్లు కారాయి. ఇంకొకాయన అందరి మీదా పన్నీరు చల్లాడు. సగం నేల మీదే పడింది.

విమలను కుర్చీలో కూర్చోబెట్టారు. గున్నేశ్వరరావు మాట్లాడాడు. కన్నుమూసినవాళ్లను తలుచుకున్నట్టే, గొంతు బరువు చేసుకుని మాట్లాడాడు. తరవాత నెమలికంఠం రంగు శాలువా కప్పాడు. జరీ బరువుకు ఆమె భుజాలు కిందికి దిగాయి. ఫొటోలయ్యాయి. మైకు చేతికిచ్చారు.

గ్యాలరీ మొదటి మెట్టు మీద సాల్మన్‌రాజు మాస్టారు గొడుగు మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని కూర్చున్నారు. ఆమె వైపు చూడటం లేదు. నేల వైపు చూస్తున్నారు.

విమల కూడా నేల చూసింది.

"నమస్కారమండి," అంది మైకులో. "ఇక్కడ తడిగా ఉంది. పిల్లలు జారతారు."

మైకు తిరిగి ఇచ్చేసింది. గజమాల తీసి కుర్చీ చేతికి తగిలించింది. భుజం మీది శాలువా లాగి రెండు మడతలు వేసింది. అందరూ చూస్తుండగా కోత పడిన మోకాలినే నేలకు ఆనించి కూర్చుని తుడవడం మొదలుపెట్టింది.

గ్యాలరీలో ఎవరో నవ్వి, పక్కవాళ్లు నవ్వకపోయేసరికి మానేశారు.

గున్నేశ్వరరావు వంగి, పళ్లు బిగపట్టి అన్నాడు. "ఏంటమ్మా ఇది? అది శాలువా."

"నాదేగా అండీ," అంది విమల తల ఎత్తకుండా.

జరీ నీళ్లు పీల్చలేదు. ఒకే చోట రెండుసార్లు తుడవాల్సి వచ్చింది. గజమాల వచ్చిన దారంతా తుడిచి, అంటుకుపోయిన పూలరేకుల్ని గోటితో గీకి తీసి, శాలువాను బెంచీ పక్కనున్న బకెట్లో పిండింది. చెయ్యి ఎక్కడా ఆనించకుండా ఆ మోకాలి మీదే లేచింది. ట్రాక్ సూటు పైచొక్కా విప్పి బెంచీ మీద పడేసింది. కింద ఆమె నంబరు బనీను ఉంది.

కోచ్ నీరజ మేనేజరు వైపు చూడలేదు. బంతిని నేలకు ఒక్కసారి కొట్టి విమలకు పంపింది. తుడిచిన చోట తగిలి అది తిన్నగా లేచి ఆమె చేతుల్లోకి వచ్చింది.

రిఫరీ గడియారం చూసుకుని ఈల నోట్లో పెట్టుకున్నాడు. గ్యాలరీలోంచి, ఈల ఊదీ ఊదీ బొంగురుపోయిన గొంతు వినిపించింది.

"విమలా, నేల ఆరిందా?"

"ఆరిందండి మాస్టారూ."

"అయితే ఆ కుర్చీ తియ్యమను."