పుక్కిటి నీళ్లు

"ఇక నా వల్ల కాదు, ఆచార్యా! వాళ్లిద్దరికీ పొత్తు కుదర్చడం ఆ బుద్ధభగవానుడి వల్ల కూడా కాదు" అన్నాడు విమలుడు. అనేసి నాలిక కరుచుకున్నాడు.

ఆచార్య ధమ్మసేనుడు ఏమీ అనుకోలేదు. కూర్చోమని చాప చూపించాడు.

కృష్ణ ఒడ్డున కొండమీద ఉన్న ఆ ఆరామంలో బిడారు పెద్దలు కాబోయేవాళ్లకి తర్ఫీదు ఇచ్చేవారు. ఎడ్లమీద సరుకు వేసుకుని, నలభై యాభై మందిని అడవి కనుమ దాటించాలంటే దారి తెలిస్తే చాలదు, మనుషుల్ని నడిపించడం తెలియాలి. కొండమీద గ్రంథశాలలో శీలగుప్తుడనే భిక్షువు ముప్పై ఏళ్లుగా ఏ బిడారు ఎలా నడిచింది, ఏది ఎందుకు చెదిరింది అని తాటాకులమీద రాస్తున్నాడు. కొండకింద ఎడ్ల చావిడిలో పోలన ఉన్నాడు. ఆ కనుమని తన కాళ్లతో అరవైసార్లు దాటినవాడు. ఈ ఇద్దరి తెలివినీ కలిపి పాఠం తయారుచెయ్యమని ఆచార్యుడు మూడేళ్ల కిందట విమలుడికి అప్పగించాడు.

ఇద్దరూ ఎదురుపడితే కొట్టుకుంటారని విమలుడికి భయం. అందుకని తనే తిరిగేవాడు. పోలన మాట విని, నూట అరవై రెండు మెట్లు ఎక్కి, దాన్ని పండితుల భాషలో పెట్టి పైన చెప్పేవాడు. పైవాళ్ల మాటని ముక్కలు చేసి కింద చెప్పేవాడు. ఈ పని తనంత బాగా చేసేవాడు ఇంకొకడు పుట్టలేదని లోలోపల గర్వం కూడా ఉంది.

"ఆయనేమో కిందివాళ్లకి అక్షరం ముక్క రాదంటాడు. ఈయనేమో పైవాళ్లకి దూడని తోలడం కూడా రాదంటాడు. మధ్యలో నా మోకాళ్లు అరిగిపోయాయి. కిందటేడు కనుమలో ముగ్గురు తప్పిపోయి చచ్చిపోయారు. ఎల్లుండి ఇక్కడ నేర్చుకుంటున్న గుండన నలభై ఆరుగురిని తీసుకుని బయల్దేరుతున్నాడు. వాడికి ఏం నేర్పాలో ఇప్పటికీ తేలలేదు!"

"ఇద్దరినీ రేపు భోజనశాలకి రమ్మను."

"వస్తారు. నేను నోరు విప్పకపోతే ఒకరి మాట ఒకరికి అర్థం కాదు."

"అలాగా" అన్నాడు ఆచార్యుడు.

మర్నాడు పొద్దున ఇద్దరూ వచ్చి చెరో గోడకీ ఆనుకుని కూర్చున్నారు. గుండన గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఆచార్యుడు గిన్నెలో నీళ్లు తెచ్చి విమలుడికి ఇచ్చాడు.

"పుక్కిట పట్టు. నేను చెప్పేదాకా మింగకు, ఉమ్మకు."

ఇదేం విడ్డూరమో అనుకుంటూనే విమలుడు నీళ్లు పుక్కిట పట్టాడు. ఆచార్యుడు ఓ మూల కూర్చుని కళ్లు మూసుకున్నాడు.

శీలగుప్తుడు అలవాటు చొప్పున విమలుడి వైపే తిరిగాడు. "నాయకుడు ముందు నడవాలని చెప్పినది ఈయనేనా, విమలా?"

విమలుడు బుగ్గలు పూరించుకుని మిటకరించి చూశాడు.

"ఎవరు, నేనా?" అన్నాడు పోలన. "ఆ మాట నేనెప్పుడన్నానయ్యా?"

"తాటాకుమీద ఉంది మరి. 'నాయకుడు అందరికన్నా ముందు నడవవలెను' అని."

"వెనక నడవాలన్నాను! ముందు దారి తెలిసిన ఎద్దుంటే చాలు. కుంటేవాడూ, దాహానికి కూలబడేవాడూ ఎప్పుడూ చివరనే ఉంటాడు. పెద్ద ముందుంటే, వాడు పడ్డాడని ఎవరికి తెలుస్తుంది?"

శీలగుప్తుడు తాటాకులు తిప్పడం ఆపేశాడు. "తప్పిపోయినవాళ్లంతా చివరివాళ్లే. ముప్పై ఏళ్లుగా ఇంతే. ఎందుకో నాకు అంతుపట్టలేదు. కిందటేటి ముగ్గురూ అంతే."

"పెద్ద ముందు నడిచాడా?"

"నడిచాడు. మేమే అలా నేర్పాం."

విమలుడికి ఆ రోజు గుర్తొచ్చింది. పోలన వెనక అనే అన్నాడు. మెట్లెక్కుతూ మలుపు దగ్గర ఆయాసం తీర్చుకుంటుంటే తనకే అనిపించింది, నాయకుడు వెనక నడవడమేమిటి, పైవాళ్లు నవ్విపోతారు, ముసలాయన పొరపాటున అనుంటాడు అని. అక్కడే ఆ మాట సరిదిద్దాడు.

నోట్లో నీళ్లు వేడెక్కాయి. ఉమ్మడానికి లేదు, మింగడానికి లేదు. కళ్లు మాత్రం వాటంతటవే కారాయి.

"కానీ కనుమలో రెండో మలుపు దగ్గర మాత్రం వెనక ఉంటే కుదరదు" అంటున్నాడు శీలగుప్తుడు. "దొంగలు దిగిన ఏడుసార్లూ అక్కడే, అదీ ముందువాళ్లమీదే."

"ఏడుసార్లా? నా ఎరికలో ఒక్కసారే. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదే!"

అదీ నిజమే. అంత లెక్క ఈయన బుర్రకెక్కదులే అని విమలుడే వదిలేశాడు.

పోలన గోడ వదిలి ముందుకు జరిగాడు. శీలగుప్తుడు నేలమీద కనుమ గీశాడు. పోలన దాన్ని చేత్తో చెరిపేసి మళ్లీ గీశాడు. గొంతులు లేచాయి. అనుకున్నట్టే ఇద్దరూ పోట్లాడుకున్నారు. పోట్లాటలోనే గుండనని పిలిచి మధ్యలో కూర్చోబెట్టుకున్నారు. అన్నం సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

మధ్యాహ్నానికి ఆచార్యుడు కళ్లు తెరిచి, "ఇక ఉమ్మెయ్యి, విమలా" అన్నాడు.

విమలుడు బయటికి వెళ్లి ఉమ్మి వచ్చాడు.

"ఆ మాట మార్చింది నేను."

పోలన విసుక్కున్నాడు. "మూడేళ్లు ఒక్కడివే ఎక్కావు గదయ్యా ఆ మెట్లు! ఒక్కనాడు నన్నూ వెంటబెట్టుకుని ఎక్కితే నీ సొమ్మేం పోయేది?"



మర్నాడు పొద్దున్నే, గుండన బిడారు కదలకముందే, విమలుడు ఎడ్ల చావిడికి వెళ్లి, పోలన చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాడు. మలుపు దగ్గర ఇద్దరికీ ఆయాసం వచ్చింది. కూర్చున్నారు.

"రాత్రి ఇంకోటి తట్టింది. ఏర్లు దాటేటప్పుడు..." అని మొదలుపెట్టాడు పోలన.

"ఇక్కడ వద్దు, అన్నా" అన్నాడు విమలుడు లేస్తూ. "పైకెళ్లాక ఆయనతోనే చెబుదువుగాని."