బల్ల మీద స్నానం

1961 జనవరి 11, బుధవారం. తెల్లవారుజామున పొగమంచు, పొద్దెక్కాక అది విడిపోయి చిత్రావతి మీదుగా ఎముకలు కొరికే గాలి మొదలైంది. ఆ ఏటి ఒడ్డు గాలి గురించి ఎత్తుకుంటే ఇవాళ్టికి తెమలదు గాని, ఇనాయతుల్లా మాత్రం ఆ చలిలోనే సూఫీల మఠమైన ఖాన్‌ఖా వాకిట్లో కాలు నిలవకుండా తిరుగుతున్నాడు. ముంజేతి మీద పంటిగాట్లు.

గురువు గఫూర్ షా దిక్కులేని ముసలివాళ్ళ కోసం అక్కడ ఒక వసారా వేయించి, వాళ్ళ సేవ ఈ శిష్యుడికి అప్పగించారు. మిగతా అందరూ ఒక ఎత్తు, దస్తగిరి సాహెబు ఒక్కడూ ఒక ఎత్తు. ఒకప్పుడు నెమ్మదస్తుడే. ఊళ్ళో ముసల్మానుల ఇళ్ళలో ఎవరు పోయినా శవానికి చివరి స్నానం చేయించింది ఆయనే. ఇప్పుడు మతి నిలకడ తప్పింది. స్నానం అంటే చాలు, కొడతాడు, ఉమ్ముతాడు, కరుస్తాడు.

గురువు బయటికి రాగానే ఇనాయతుల్లా ఎదురెళ్ళాడు.

"హజ్రత్, ఇంక నా వల్ల కాదు. స్నానం పూట ఆయన చేతులు కట్టేస్తాను, ఒప్పుకోండి. లేదా ఇంకెక్కడికైనా పంపేయండి."

"ఇంకెక్కడికి?"

ఇనాయతుల్లా ముంజేతి గాట్లు తడుముకున్నాడు.

"అరిచేటప్పుడు ఏమంటాడు?"

"'సరిగ్గా చూడండ్రా, సరిగ్గా చూడండ్రా' అంటాడు. ఏం చూడాలో చెప్పడు."

"పండ్లు మాత్రం గట్టిగానే ఉన్నాయి సామీ, చూశాం" అన్నాడు వంటాయన పీరయ్య.

గఫూర్ షా నవ్వలేదు. "స్నానం ఎట్లా చేయిస్తున్నావు?"

ఆ మాటకు ఇనాయతుల్లా కాస్త ఛాతీ విరిచాడు. పీట మీద కూర్చోబెడితే ముసలాయన జారిపడుతున్నాడని తనే ఒక ఉపాయం కనిపెట్టాడు. బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టడం. బొడ్డు నుంచి మోకాళ్ళ దాకా గుడ్డ కప్పడం. పీరయ్య కాళ్ళు పట్టుకుంటే కుడివైపు నుంచి కడుక్కుంటూ రావడం. కంపు పోవాలని ఆఖరి చెంబులో కర్పూరం కలుపుతాడు.

గఫూర్ షా టోపీ తీసి పక్కన పెట్టారు. అంగీ విప్పారు. వెళ్ళి ఆ బల్ల మీద వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకున్నారు.

"కానివ్వు."

ఇనాయతుల్లాకు ఏం చేయాలో తోచలేదు. గురువు మాట కనుక గుడ్డ కప్పాడు. పీరయ్య పాదాలు పట్టుకున్నాడు. కుడి భుజం తడిపేసరికి గడ్డం ఒక పక్కకు ఒరిగింది. మనిషి కదల్లేదు. చావింట్లో వచ్చే కర్పూరం నీళ్ళ వాసన లేచింది. పీరయ్య ఉన్నట్టుండి పాదాలు వదిలేసి వెనక్కి జరిగాడు.

చెంబు గాల్లోనే ఆగిపోయింది.

"పోయవేం?"

"లేవండి హజ్రత్." ఇనాయతుల్లా చెంబు కింద పెట్టేశాడు. "లేవండి. మీరు బతికే ఉన్నారు."

గఫూర్ షా కళ్ళు తెరవలేదు.

"దస్తగిరీ ఆ మాటే చెబుతున్నాడు."

మర్నాడు బల్ల లేదు. గోడ వారగా, ఎండ పడే చోట, వెడల్పాటి పీట ఉంది. ఇనాయతుల్లా ముసలాయన వీపుకు తన మోకాళ్ళు ఆనించి, చెంబు ఆయన చేతికే ఇచ్చాడు. దస్తగిరి సాహెబు సగం నీళ్ళు తన నెత్తిన పోసుకుని, మిగతా సగం ఇనాయతుల్లా మీద కుమ్మరించాడు.

"నీకూ కావాలిరా నాయనా, కంపు కొడుతున్నావు."

ఆ పై ఏడు గఫూర్ షా కాలం చేశారు. గద్దె ఆయన అన్న కొడుక్కి వెళ్ళింది. గ్రంథాలు పెద్ద శిష్యుడు తీసుకున్నాడు. చింతతోపును మసీదుకు రాశారు. పీరయ్యకు రెండు రాగి బిందెలు వచ్చాయి. పంపకాల పూట ఇనాయతుల్లాకు కబురు పంపితే, "దస్తగిరి సాహెబు ఇంకా తల తుడుచుకోలేదు, కాసేపు ఆగమనండి" అన్నాడు.

వాళ్ళు ఆగలేదు. అతనికేమీ రాలేదు.