పేరిందేవమ్మ చేతులు

ఆ దుప్పటి లాక్కోకండర్రా, అందరికీ సరిపోతుంది. చెప్పమంటారా? అనగా అనగా, సముద్రపు గాలికి తలుపు గడియలు తుప్పు పట్టిపోయే ఒక ఊళ్ళో పేరిందేవమ్మ అని ఒకావిడ ఉండేదిట. గట్టి మనిషి. ఆవిడ కేకేస్తే పక్కవీధిలో పాలు పితికించుకుంటున్న గేదె కూడా తలెత్తి చూసేదిట. కొడుకు ఉప్పు వ్యాపారం చేసేవాడు. కోడలి పేరు మాణిక్యం. తెలివైందే గానీ, అత్తగారి ముందు ఆ తెలివిని కొంగున ముడేసుకుని తిరిగేది.

పేరిందేవమ్మకి ఒకటే కోరిక, దేవుణ్ణి చూడాలి. బొమ్మని కాదర్రా, దేవుణ్ణి! ఎదురింటావిడకి జాతరలో పూనకం వచ్చేదిట. తోడికోడల్ని దేవుడు కలలో కనిపించి పలకరించాడుట. ఈవిడకేమో ఏదీ లేదు. బుద్ధెరిగినప్పట్నుంచీ ఒక్క రోజు దీపం మానలేదు కదా, నన్నొక్కదాన్నే ఎందుకు వదిలేశాడు, నేనంటే ఇష్టం లేదేమో అని లోలోపల కుమిలిపోయేదిట. పైకి మాత్రం కోడల్ని కసిరేది. కొందరికి బాధ కసురై బయటికొస్తుంది, మీ తాతయ్యకి లాగే. ఊ కొడుతున్నారా? ఏదీ, వినబడలేదు!

సరే, కోడల్ని వెంటబెట్టుకుని బయల్దేరింది. కొండెక్కితే గుడి. నామం పట్టుకోండమ్మా, అదే తీసుకెళ్తుంది అన్నారుట పూజారిగారు. జపం చేసింది, చేసింది, వేళ్ళు నొప్పెట్టాయి. దేవుడు రాలేదు. కొండ దిగితే దర్గా. అక్కడ ఫకీరు కళ్ళు మూసుకుని పాడుతుంటే ఈవిడ కళ్ళవెంట ధారగా నీళ్ళు. ఏమైందత్తయ్యా అంటే, సాంబ్రాణి పొగే అని కసిరింది. దేవుడు రాలేదు. దర్గా దాటితే చర్చి. మోకాళ్ళ మీద కూర్చుని నీ బరువంతా దించుకో తల్లీ అన్నాడుట ఫాదరు. బరువు దిగిందో లేదో గానీ మోకాళ్ళు పట్టేసి, ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని లేపాల్సొచ్చింది. దేవుడు రాలేదు. చర్చి దాటితే ఏరు, ఏటి ఒడ్డున ఒక బౌద్ధ సన్యాసి. ఆయనేమీ చెప్పలేదు, పక్కన కూర్చోమని చేత్తో చూపించాడంతే. కూర్చుంది. కాసేపటికి బుర్రలో గోలంతా ఆగిపోయి ఎంతో హాయిగా అనిపించిందిట. అయ్యో, కునుకు పట్టేసింది కాబోలు అనుకుని లేచొచ్చేసింది. మరి దేవుడో? రాలేదు.

గుడైంది, దర్గా అయింది, చర్చి అయింది, ఏరైంది. ఇంటికొచ్చి మంచమెక్కింది. ఆ దేవుడొచ్చేదాకా గంజి కూడా ముట్టనని గోడవైపు తిరిగి పడుకుంది. కొడుకు బతిమాలాడు. వైద్యుడు పెదవి విరిచాడు. మనిషి ఎండిపోతోంది.

మాణిక్యానికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. అత్త అరిచినన్నాళ్ళూ భయపడింది, అరవడం మానేశాక ఇంకా భయమేసింది. అప్పుడొక ఉపాయం తట్టింది. ఆ రోజుల్లో పగటివేషగాళ్ళు ఊరూరా తిరిగేవారు, ఇవాళ రాముడు, రేపు శివుడు అని వేషాలు కట్టుకుని. మొహాన రంగు పడిందా, మునసబు కూడా చెప్పులు విడిచి దణ్ణం పెట్టాల్సిందే. రంగు కడిగాడా, మళ్ళీ ఒరే గురవా! అదీ ఆ ఊరి మర్యాద. మాణిక్యం ఆ వేషగాడు గురవయ్యనే పిలిపించింది. అత్తయ్య కళ్ళకి పొరలు కమ్మాయి, ఆనవాలు పట్టలేదు, నువ్వు దేవుడై వచ్చి అన్నం తినమని ఒక్క మాట చెప్పు బాబూ అంది. గురవయ్య తల గోక్కుని, ఏ దేవుడమ్మా అన్నాడుట. నిజమే కదర్రా! గుడికీ వెళ్ళింది, దర్గాకీ వెళ్ళింది, చర్చికీ వెళ్ళింది, ఏ వేషం కట్టాలి? మాణిక్యం ఆలోచించి, నీ దగ్గర ఏ రంగు ఉంటే అదే అంది. శివుడి రంగు ఉంది.

మర్నాడు పొద్దున్నే వచ్చాడు. ఒంటినిండా విభూతి, జడలు, మెడలో గుడ్డపాము. పేరిందేవమ్మ ఇటు తిరిగింది. లేవలేని మనిషి లేచి కూర్చుంది. రెండు చేతులూ మెల్లగా లేచి, ఒకదానికొకటి ఆనుకున్నాయి. తినమ్మా అన్నాడు గురవయ్య.

ఆ చేతుల్ని చూసి మాణిక్యం తట్టుకోలేకపోయింది. అత్తగారి కాళ్ళ మీద పడి, "ఈయన దేవుడు కాదత్తయ్యా, గురవయ్య. మీరెక్కడ పోతారో అని నేనే మోసం చేశాను" అని భోరుమంది.

పేరిందేవమ్మ ఏమందో తెలుసా? "తెలుసే పిచ్చిదానా! కళ్ళు మసకేశాయి గానీ ముక్కు పోలేదు. గుమ్మంలో ఉండగానే రంగులో కలిపిన కొబ్బరినూనె వాసనేసింది" అంది. మరి చేతులెందుకు జోడించారత్తయ్యా అంటే, తన చేతుల వంక చూసుకుంది. నేనెత్తలేదే, అవే లేచాయి అంది. గురవయ్యేనని తెలుసు, వట్టి రంగేనని తెలుసు, అయినా లోపల్నుంచి ఏదో కదిలి చేతుల్ని లేపిందిట. అది ఆవిడకి కొత్త కూడా కాదుట. దర్గాలో ఏడిపించిందీ అదే, ఏటి ఒడ్డున ఊరడించిందీ అదే. ఎదురుగా వస్తాడని నేను గుమ్మం వంక చూస్తున్నాను, ఆయనేమో నా లోపలే కూర్చున్నాడు అంది. "నన్ను వదిలెయ్యలేదే మాణిక్యం" అని చిన్నపిల్లలా ఏడ్చేసింది.

గురవయ్య కళ్ళల్లోనూ నీళ్ళు, రంగంతా చారలు. ఎవరైనా దణ్ణం పెడితే నాకూ ఒళ్ళు జలదరిస్తుందమ్మగోరూ, ఆ దణ్ణం నాకు కాదని తెలుసు అన్నాడు.

పేరిందేవమ్మ కంచం తెమ్మంది. నువ్వూ తిందువుగాని, మొహం కడుక్కునిరా అంది. గురవయ్య రంగు కడుక్కుని, మామూలు మొహంతో వచ్చి నిలబడ్డాడు. ఆవిడ మళ్ళీ చేతులు జోడించింది. కడిగేశానమ్మగోరూ అని వాడు కంగారుపడిపోయాడు.

"తెలుసులే నాయనా, కూర్చో" అందిట.

తర్వాత కోడల్ని కసరడం మానేసిందా అంటే, అంత మార్పు ఒక్కసారే వస్తుందా! కానీ కసరబోయి, మాణిక్యం మొహం చూసి మధ్యలో ఆగిపోయేదిట. అందరూ చల్లగా ఉన్నారు. మీరూ ఏ గుడికి వెళ్తారో, ఎవరికి మొక్కుతారో మీ ఇష్టం గానీ, లోపల మెత్తబడిందా లేదా అన్నది చూసుకోండి. కథ కంచి దారి పట్టింది, ఇక మీరు నిద్ర దారి పట్టండి.